బురదలో బిల్లులు వెతుక్కుంటే ఎలా?

వరద తగ్గిన ఇంట్లోకి వచ్చిన బీమా సర్వేయర్ అడిగేవి ముఖ్యంగా మూడు ప్రశ్నలు: ఏమేం పోయాయి, ఎప్పుడు కొన్నారు, ఆధారం ఏమిటి? టీవీ, ఫ్రిజ్, మంచాల దాకా ఎవరైనా గడగడా చెప్పేస్తారు. అటక మీద ఏముండేదో, బీరువా కింది అరలో ఏం దాచారో నిద్రలేని ఆ బుర్రకు తట్టదు. తట్టనిది జాబితాకెక్కదు. చూపిద్దామంటే బిల్లుల కవరు అదే బీరువాలో నాని ముద్దయి ఉంటుంది.

పాలసీ ఉంది కదా అన్న భరోసా మరో చిక్కు. అమెరికాలో మామూలు గృహబీమా వరదకు వర్తించదు. విడిగా ప్రభుత్వ వరద బీమా తీసుకున్నా సాధారణంగా 30 రోజులు గడిస్తేగానీ అమల్లోకి రాదు. జపాన్‌లో భూకంపం వల్ల చెలరేగిన మంటలకు అగ్నిబీమా మామూలుగా పనికిరాదు, దానికి తోడుగా భూకంప బీమా ఉండాల్సిందే. తుపాను హెచ్చరిక చెవినపడ్డాక ఏజెంటుకు ఫోన్ చేసి లాభం లేదు.

అసలు మెలిక బీమా మొత్తంలో ఉంది. ప్రీమియం తగ్గుతుందని సామాను విలువను సగానికే రాయించారనుకుందాం. మూడో వంతు సామానే పాడైంది, బీమా మొత్తం లోపే కదా అని నిశ్చింతగా ఉంటే దెబ్బతిన్నట్టే. పాలసీలో యావరేజ్ క్లాజు, అంటే విలువ ఎంత తగ్గించి రాయిస్తే పరిహారాన్నీ ఆ నిష్పత్తిలోనే కోసే నిబంధన, ఉంటే ఆ నష్టంలోనూ సగమే చేతికొస్తుంది. ఆపై తరుగుదల కోత. పాత వస్తువుకు కొత్తదాని ధర ఇస్తారా, వాడకం మినహాయించి ఇస్తారా అన్నది కొనేముందే అడగాలి. ఇంటి రుణంతోపాటు అంటగట్టిన పాలసీ గోడలకే పరిమితమై, లోపలి సామాను దాని లెక్కలోకే రాకపోవచ్చు.

ముందుజాగ్రత్త మాత్రం అరగంట పని. ఫోన్ కెమెరాతో గదిగదీ తిరిగి, సొరుగులు తెరిచి, యంత్రాల వెనక అంటించిన సీరియల్ నంబర్లు చూపుతూ, ఎప్పుడు కొన్నదీ నోటితో చెబుతూ వీడియో తీస్తే చాలు. పాలసీలు, దస్తావేజులు, గుర్తింపు పత్రాలు స్కాన్ చేసి దానికి జతచేయాలి. అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంచితే ఫోనూ మునుగుతుంది. క్లౌడ్‌లో ఒక ప్రతి, వేరే ఊళ్లోని బంధువు దగ్గర ఒకటి ఉండాలి. అన్నట్టు, మంటలను తట్టుకునే పెట్టెలన్నీ నీటిని తట్టుకోవు. కరెంటు పోతే ఏటీఎంలూ మూగబోతాయి, కొంత నగదు కూడా చేతిలో ఉండాలి.

తప్పంతా పౌరులదేనని మేం అనం. ఇల్లే కొట్టుకుపోయిన మనిషిని అసలు కాగితాలు తెమ్మనడం ఏం న్యాయం? పాలసీ వివరాలు దాన్నిచ్చిన కంపెనీ దగ్గరే ఉంటాయి, రిజిస్ట్రేషన్ దస్త్రాలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. వాటిని వెతికి తీయాల్సింది వాళ్లు. పాలసీ ఏయే విపత్తులకు వర్తించదో ఎక్కడో లోపలి పేజీల్లో చీమల బారులాంటి అక్షరాల్లో కాకుండా, మొదటి పేజీలో, వాడుక భాషలో, ప్రీమియం అంకె పక్కనే అచ్చువేయించే బాధ్యత నియంత్రణ సంస్థలది.