నీళ్లున్నాయి సరే, ఒడ్డేది?

బెంగళూరులో చెరువు బాగుచేయడానికి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. నీళ్లు తోడేస్తారు, పూడిక తీస్తారు, ఆ మట్టితోనే చుట్టూ కట్ట పోస్తారు. కట్ట లోపలి వాలుకు రాళ్లు పేరుస్తారు. పైన నడకదారి, వరసగా దీపాలు. చివరికి చెరువు నిటారు అంచులున్న గిన్నెలా తయారవుతుంది. సర్జాపుర రోడ్డు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లు పొద్దున్నే నడిచేది ఇలాంటి కట్టల మీదే. బెళ్లందూరు చెరువు నురగలు కక్కడం, 2015లోనూ 2017లోనూ 2018లోనూ అక్కడ మంటలు లేవడం గుర్తున్నవాళ్లెవరూ బాగుచేసే పనిని తక్కువ చేసి మాట్లాడరు. నేనూ మాట్లాడను. నా ఫిర్యాదల్లా ఒకటే: ఈ పద్ధతిలో తూనీగకు చోటు లేదు.

మనకు కనిపించే తూనీగ దాని జీవితంలో ఆఖరి ఘట్టం. అంతకుముందు వారాలో, నెలలో, కొన్ని జాతులైతే ఏళ్లో, అది నీటి అడుగున రెక్కల్లేని పురుగుగా బతుకుతుంది. కూర్చున్నప్పుడు రెక్కలు ముడుచుకునే సన్న తూనీగలైతే మొక్క కాడను చీల్చి అందులో గుడ్లు దించుతాయి. కాడ లేకపోతే గుడ్డు పెట్టే చోటే లేదు. పుట్టిన పిల్ల చేపల నోట పడకుండా దాక్కోవడానికి లోతు తక్కువ నీళ్లలో నాచు, వేళ్లు, కుళ్లిన ఆకులు కావాలి. పెరిగాక, రాత్రిపూటో తెల్లవారుజామునో, నీళ్లలోంచి పైకి పాకడానికి జమ్మో తుంగో కావాలి.

జమ్ము ఉన్న ఒడ్డున పొద్దున్నే వంగి చూస్తే ఆకుల మీద విడిచిన తొడుగులు కనిపిస్తాయి. గోధుమరంగులో, బోలుగా, కాళ్లు ఆకును ఇంకా గట్టిగా పట్టుకునే ఉంటాయి. వీపు మీద చీలిక, అందులోంచి వేలాడే తెల్లటి పోగులు. ఆ పోగులు పాత శ్వాసనాళాల లోపలి పొరలు. చెరువు ఆరోగ్యానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు, ఎందుకంటే ఎగిరే తూనీగను చూసి ఏమీ తేల్చలేం. వానాకాలం చివర గుంపులుగా కనిపించే పసుపు తూనీగ, పాంటాలా ఫ్లావెసెన్స్, హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు వలసపోయే జాతి. అది మన చెరువు మీద తిరిగినంత మాత్రాన మన చెరువులో పుట్టినట్టు కాదు. తొడుగు దొరికితే మాత్రం ఆ పురుగు అక్కడే పెరిగిందని అర్థం.

ఒడ్డున మొక్కలు ఉంచండి అంటే వెంటనే వచ్చే మాట: దోమలు. ఆ భయాన్ని తీసిపారేయలేం, డెంగీ వచ్చిన ఇంట్లోవాళ్లకు అస్సలు చెప్పలేం. కానీ లెక్క వేరేగా ఉంది. దోమపిల్ల నీటి పైకి వచ్చి గొట్టంతో గాలి పీలుస్తుంది, కాబట్టి ఆక్సిజన్ లేని మురుగులోనూ క్యూలెక్స్ దోమ హాయిగా పెరుగుతుంది. తూనీగ పిల్లకు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. వాననీటిని చెరువుకు చేర్చే రాజకాలువలో మురుగు కలిసిన చోట దోమ మిగులుతుంది, దాన్ని తినే తూనీగ పోతుంది. చెరువులో దోమ పెరగడానికి జమ్ము కంటే మురుగే పెద్ద కారణమని నా వాదన. దోమపిల్లల్ని తినడానికని వదిలే గంబూసియా, గప్పీ చేపలు చిన్న కుంటల్లో తూనీగ పిల్లల్నీ తినేస్తాయి.

పచ్చగా ఉన్నదంతా మంచిదని కూడా కాదు. గుర్రపుడెక్క నీటినంతా కప్పేస్తే కింద వెలుతురూ ఉండదు, ఆక్సిజనూ ఉండదు. దాన్ని తీయాల్సిందే. తీసే యంత్రం ఒడ్డు పొడవునా జమ్మునూ తుంగనూ కూడా ఊడ్చుకుపోవడమే నష్టం. పూడిక కూడా అంతే. చెరువంతా ఒకేసారి ఎండబెట్టి తవ్వితే అడుగున ఉన్న పిల్లలన్నీ పోతాయి, మళ్లీ గుడ్లు పెట్టడానికి పక్కన మరో మంచి చెరువు ఉండాలి. నగరంలో అది ఎన్నిచోట్ల ఉంది?

జక్కూరు చెరువులో శుద్ధి చేసిన నీరు మొదట జమ్ము పెరిగిన చిత్తడి గుండా పారి, ఆ తర్వాతే చెరువులో కలుస్తుంది. చేయొచ్చని చూపించడానికి ఆ ఒక్కటీ చాలు. నగరంలో వాదన మాత్రం ఎప్పుడూ మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువు చుట్టూ 75 మీటర్లు వదలమంది, 2019లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. కట్టడం ఎంత దూరంలో ఉండాలన్నది ముఖ్యమే. ఆ వదిలిన జాగాలో ఏం పెరగాలి, వాలు ఎంత ఉండాలి అన్నది ఎవరూ అంత గట్టిగా అడగరు.

2021 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఐయూసీఎన్, ప్రపంచంలోని తూనీగ జాతులన్నిటినీ మొదటిసారి అంచనా వేసింది. 6,016 జాతుల్లో 16 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చింది, చిత్తడి నేలలు పోవడమే ప్రధాన కారణమంది. బెంగళూరు చెరువుల మీద కనిపించేవి చాలావరకు మామూలు జాతులే. అయినా మామూలు జాతి కూడా నిలవలేని ఒడ్డు మీద అరుదైనది ఎలా నిలుస్తుంది?

ఇది బెంగళూరుతో ఆగే సంగతి కాదు. తెలంగాణ పట్టణాల్లో మినీ ట్యాంక్‌బండ్‌లు వచ్చాయి, బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీరు 2018 నుంచి కోలారు చెరువులకు పారుతోంది. ఆ చెరువులకు ఇంకా మట్టి ఒడ్లున్నాయి. అక్కడ రాళ్లు పేర్చే టెండరు పిలిచే ముందే ఈ మూడు షరతులు అందులో రాయించాలి: కనీసం ఒక వైపు ఒడ్డు వాలుగా వదలాలి, పూడిక సగం సగంగా తీయాలి, జమ్మును వంతులవారీగా మాత్రమే కోయాలి.