సదరం పత్రం చూపితేనే బడిలో చోటా?

చూపు మందగించిన కూతురినో, నడవలేని కొడుకునో వెంటబెట్టుకొని ప్రభుత్వ పాఠశాలకు వెళ్లే తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న తరచూ ఒక్కటే: సదరం సర్టిఫికెట్ ఉందా? అడిగేవారికి దురుద్దేశం ఉండకపోవచ్చు. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే ఆ పత్రమే ఇన్నాళ్లూ పింఛనుకు ఆధారం కాబట్టి బడిలో చోటుకూ అదే కావాలన్న భావన పాతుకుపోయింది. చట్టం మాత్రం అలా చెప్పలేదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులతో నడిచే లేదా గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థా పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, వారి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. అందులో 40 శాతం వైకల్యమన్న షరతు లేదు. ఆ షరతు ఉన్నది 31వ సెక్షన్‌లో. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోగా, ఈ సెక్షన్ ఉచిత విద్యను 18 ఏళ్ల దాకా పొడిగించింది. పక్కనున్న బడా, ప్రత్యేక పాఠశాలా అన్న ఎంపికను కూడా బిడ్డకే విడిచిపెట్టింది. సర్దుబాటు కోరడానికి 40 శాతం వైకల్యం తప్పనిసరి కాదని, రాసేటప్పుడు చేయి పట్టేసే సమస్యతో సివిల్స్ పరీక్షకు లేఖకుడిని కోరిన అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు 2021లోనే తేల్చింది. అదే న్యాయం పదో తరగతి పరీక్ష హాలుకు ఎందుకు వర్తించకూడదు?

అయితే చేర్చుకున్నంత మాత్రాన చదువు చెప్పినట్లు కాదు. బ్రెయిలీ, సంజ్ఞాభాష తెలిసిన, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తీరు ఎరిగిన ప్రత్యేక ఉపాధ్యాయుడు లేనిచోట ఆ బిడ్డ హాజరు పట్టీలో మాత్రమే ఉంటాడు. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది దివ్యాంగ పిల్లలకు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021 అక్టోబరులో ఆదేశించిన సుప్రీంకోర్టు, రాష్ట్రాల్లో కదలిక కనిపించక 2025 మార్చిలో మళ్లీ జోక్యం చేసుకొని, పోస్టులను గుర్తించి ప్రకటించాలని గడువు విధించవలసి వచ్చింది. ఏళ్ల తరబడి తాత్కాలికంగా పనిచేస్తున్నవారి అర్హతలను పరిశీలించేందుకు కమిటీ వేయాలనీ చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇన్నాళ్లుగా ఈ బరువు మోసింది ప్రధానంగా సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టుపై పనిచేసే ఐఈఆర్పీలే (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు). దివ్యాంగ పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని నడిపేదీ, మంచానికే పరిమితమైన పిల్లల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పేదీ వారే. పిల్లల హక్కు శాశ్వతమైనప్పుడు దాన్ని నిలబెట్టే కొలువు ఏడాదికోసారి పొడిగింపు కోసం ఎదురుచూడటం మాకు విడ్డూరంగా తోస్తోంది.

తెలంగాణ 2024 డీఎస్సీలో 1,016 ప్రత్యేక విద్య పోస్టులు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఇవి స్వాగతించదగినవే. కానీ ఈ సంఖ్యలు సరిపోతాయా అన్నది ఏ బడిలో ఎంతమంది, ఏ వైకల్యంతో ఉన్నారో తెలిస్తేనే తేలుతుంది. పిల్లలను గుర్తించే సర్వే అయిదేళ్లకోసారి జరగాలనీ, మొదటిది దివ్యాంగుల హక్కుల చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లలోపు పూర్తికావాలనీ 17వ సెక్షన్ నిర్దేశించింది. ప్రభుత్వాలు ఆ లెక్కను బడివారీగా బయటపెట్టి, కోర్టు చెప్పిన నిష్పత్తి పక్కన ఉంచి చూపాలి.

భవనాల సంగతికి వస్తే, గేటు దగ్గర సిమెంటు వాలు పోసి చేతులు దులుపుకోవడం మనకు అలవాటైంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లేని వాలు మీద చక్రాల కుర్చీని బిడ్డ సొంతంగా ఎక్కించుకోలేడు. ఎక్కినా మరుగుదొడ్డి తలుపు ఇరుకైతే అక్కడే ఆగిపోతాడు.

ఇదే చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లోని ఏడోది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. దివ్యాంగ పిల్లల ప్రవేశాలు, బడిలో వసతుల వ్యవహారం చూడటానికి ప్రతి జిల్లా విద్యాధికారి కార్యాలయంలో నోడల్ అధికారిని నియమించాలని అది చెబుతోంది. ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ప్రతి ప్రభుత్వ పాఠశాల నోటీసు బోర్డు మీద తెలుగులో రాసిపెట్టడానికి బడ్జెట్ అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు రెండు విద్యాశాఖలూ కనీసం ఇంత చేయాలని కోరుతున్నాం.