సత్యం కంప్యూటర్స్‌ను నిలబెట్టింది వేగం ఒక్కటే కాదు
2009లో ఖాతాల మోసం బయటపడ్డాక కూడా హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ బతికి బట్టకట్టిందంటే అది కేంద్రం వేగంగా కలగజేసుకోవడం వల్లేనని నేను చదివిన ఓ వ్యాసంలో వ్యాసకర్త రాశారు. సగం వరకే ఒప్పుకుంటాను. జనవరి 7న లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడితే, నాలుగైదు రోజుల్లోనే పాత బోర్డు పోయి, కేంద్రం నియమించిన కిరణ్ కర్ణిక్, దీపక్ పరేఖ్, అచ్యుతన్ వచ్చారు. నిజంగా మెచ్చుకోవాల్సిన వేగమే. కానీ ప్రభుత్వం ఖజానా నుంచి డబ్బు ఇవ్వలేదు. కొత్త బోర్డే బ్యాంకుల దగ్గర అప్పు పుట్టించి, క్లయింట్లు జారిపోకుండా పట్టుకుని, ఏప్రిల్‌కల్లా బహిరంగ వేలంలో కంపెనీని టెక్ మహీంద్రా చేతిలో పెట్టింది. మా అన్నయ్య అప్పుడు అక్కడే టీమ్ లీడ్. జనవరి జీతం పడుతుందా లేదా అని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. జీతం పడిన మెసేజ్ చూసి అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆ రోజుల్లో అన్నయ్య రాత్రిళ్లు క్లయింట్లతో ఫోన్‌లోనే ఉండేవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు, తెలియనిది రేపు చెబుతాననేవాడు. అలాంటి వేలమంది ఊసే వ్యాసంలో లేదు. ఇంకో లోటు కూడా ఉంది. లేఖ బయటపడిన రోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా కుప్పకూలింది. అమెరికాలో దావా వేసిన వాటాదారులకు తర్వాత 12.5 కోట్ల డాలర్ల పరిహారం ఒప్పుకున్నారు. రిటైర్మెంటు డబ్బు పెట్టిన మనవాళ్లకు అలాంటిదేదీ దక్కలేదు. కంపెనీని కాపాడిన తీరును పొగిడేటప్పుడు వీళ్ల గురించి కూడా రాయాల్సింది.