ఆ గట్టుకు జెండా పండుగ 399 రోజులు ఆలస్యం

మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున నిలబడితే అవతలి గట్టు మీద తెలంగాణ కనిపిస్తుంది. ఈ గట్టునా తెలుగే, ఆ గట్టునా తెలుగే. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు తాతల నాటి నుంచీ ఉన్నవే. అయినా 1947 ఆగస్టు 15 తెల్లవారేసరికి ఈ గట్టు స్వతంత్ర భారతదేశం, ఆ గట్టు నిజాం రాజ్యం. ఇక్కడ మూడు రంగుల జెండా ఎగరేయడం పండుగ, అక్కడ నేరం. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషు వాళ్లకు అప్పగించడంతో సిరొంచ వాళ్ల కిందికి వెళ్లింది, తర్వాత చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. ఎనభై ఏడేళ్ల తర్వాత ఎవరు ముందు స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకోవాలో ఆ పాత కాగితమే తేల్చింది.

దేశానికి స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందని మన పిల్లల్ని అడిగితే ఠక్కున చెప్తారు. మీ ఊరికి ఎప్పుడొచ్చిందని అడిగితే నీళ్లు నములుతారు. నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఆ రెండో ప్రశ్న వేయకుండా జరిపే ఆగస్టు 15 సగం పండుగే అని నా గట్టి నమ్మకం.

నిజాం ఎటూ చేరనని భీష్మించడం, రజాకార్ల ఆగడాలు, 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదలడం, 17న నిజాం చేతులెత్తేయడం, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. మన వాళ్లు ఇప్పటికీ 'పోలీసు యాక్షన్' అనే అంటారు. 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబర్ 17 దాకా లెక్కేస్తే 399 రోజులు. ఆ 399 రోజుల కథ హైదరాబాద్ నుంచి చెప్తే ఒకలా ఉంటుంది, సరిహద్దు నుంచి చూస్తే పూర్తిగా వేరేలా ఉంటుంది. హైదరాబాద్ నుంచి చెప్పే కథలో నిజాం, పటేల్, సైన్యాన్ని నడిపిన మేజర్ జనరల్ చౌదరి కనిపిస్తారు. సరిహద్దు నుంచి చూస్తే మనుషులు కనిపిస్తారు.

వర్ధా నదికి ఇటు బల్లార్షా, అటు రాజురా. బల్లార్షా ఇంగ్లీషు వాళ్లది, రాజురా నిజాంది. దేశమంతా పండుగ చేసుకున్న రోజున రాజురా వాళ్లు ఏటి అవతల జరుగుతున్న సంబరాన్ని తమది కాని సంబరంలా చూడాల్సి వచ్చింది. చూసి ఊరుకున్నారా? లేదు. నిజాం ఇలాకా నుంచి తప్పించుకున్న ఉద్యమకారులు చాందాలో క్యాంపు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చిన గట్టు రాని గట్టుకు ఆశ్రయమిచ్చింది. నా దృష్టిలో 1947 ఆగస్టు 15కు ఇంతకన్నా గొప్ప అర్థం లేదు. మాకొచ్చింది, ఇక మాకెందుకు అని చాందా తలుపులు వేసుకోలేదు.

నాందేడ్ వైపు చూడండి. బిలోలి దగ్గర అర్జాపూర్‌లో 1946లోనే ఉద్యమ నాయకుడు గోవిందరావు పాన్సరే రజాకార్ల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1948 జనవరిలో ఉమ్రిలో నిజాం సర్కారు బ్యాంకు మీద ఉద్యమకారులు దాడి చేసి, ఆ డబ్బును పోరాటానికి మళ్లించారు. 1947 ఆగస్టు 15న హైదరాబాద్‌లో జెండా ఎగరేసి అరెస్టయిన స్వామి రామానంద తీర్థ పేరునే నాందేడ్ విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నారు. అది మొదలైన తేదీ కూడా 1994 సెప్టెంబర్ 17.

మా తాతది ధర్మాబాద్ పక్కన పల్లె. ఆయన ఆగస్టు 15ను 'జెండా పండుగ' అనేవాడు. సెప్టెంబర్ 17ను మాత్రం 'మనకొచ్చిన రోజు' అనేవాడు. చిన్నప్పుడు ఆ తేడా నాకు పట్టలేదు.

ఒక దేశానికి ఒకే పండుగ చాలు, ఊరికో తేదీ అంటే చీలిక తప్ప ఏం మిగులుతుందనే వాళ్లున్నారు. పాత గాయాలు రేపొద్దనే వాళ్లూ ఉన్నారు. రెండో మాటలో న్యాయముంది. పోలీసు యాక్షన్ వేళ, ఆ తర్వాత ఇదే నాందేడ్‌లో, ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గాల్లో వేలమంది ముస్లింలు ప్రాణాలు కోల్పోయారని, ఆ హింసపై విచారించిన సుందర్‌లాల్ కమిటీ నెహ్రూ ప్రభుత్వానికి నివేదించింది. అది దాచాలని నేననను. రజాకార్ల చేతిలో చచ్చినవాళ్లనూ, ఆ తర్వాత చచ్చినవాళ్లనూ ఒకే నోటితో తలుచుకోవాలి. చెప్పకుండా దాస్తే గాయం మానదు. ఆ ఖాళీలోకి ఎవరికి తోచిన విషం వాళ్లు పోస్తారు.

అవతల తెలంగాణలో సెప్టెంబర్ 17 పేరు మీదే పంచాయితీ. విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా, ప్రజాపాలన దినమా అని సర్కారు మారినప్పుడల్లా బ్యానర్ మారుతోంది. విమోచనం అంటే ఎవరో వచ్చి విడిపించారని. విలీనం అంటే రాజుగారు కలిపారని. నాందేడ్ ఉన్న మరాఠ్వాడా ప్రాంతం వాళ్లు అదే రోజుకు 'ముక్తి సంగ్రామ దినం' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగ్రామం అన్న మాటలో ఉమ్రి ఉంది, అర్జాపూర్ ఉంది. కొట్లాడింది మేమే అని చెప్పుకునే పేరు అది. అందుకే పార్టీలు మారినా అక్కడ పేరు మారలేదు. ఒక్కటే లోటు. రాజురా విదర్భలో ఉంది కాబట్టి 'మరాఠ్వాడా' అన్న పేరులో దానికి చోటు లేదు. తెలుగువాడి సంగతి ఆ పేరులో అసలే లేదు.

అసలు నా మనసులో మాట ఇక్కడుంది. 1956 నవంబర్ 1న భాషను బట్టి రాష్ట్రాల మధ్య గీత గీశారు. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు తెలుగు రాష్ట్రానికి వెళ్లాయి. ధర్మాబాద్ ఇవతలే ఉండిపోయింది. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా, ఇస్లాపూర్ ఇటు వచ్చాయి. ఆ రోజే ఏడో రాజ్యాంగ సవరణ కూడా అమల్లోకి వచ్చింది. అందులోని 350ఏ అధికరణం ఏమంటుంది? భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లి భాషలో చెప్పే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని. అంటే గీత గీసిన రోజునే, గీతకు ఇటు చిక్కుకున్న పిల్లాడికి మాట కూడా ఇచ్చారు. గీత రాయిలా నిలిచింది. మాట కాగితం మీదే ఉండిపోయింది.

తెలంగాణలోని కెరమెరి, మహారాష్ట్రలోని జివతి మధ్య పరందోళి వైపు పల్లెల్ని రెండు రాష్ట్రాలూ మావంటే మావని దశాబ్దాలుగా పట్టుకున్నాయి. అక్కడి వాళ్లకు ఓటరు కార్డులు రెండు, బళ్లు కూడా రెండు, ఒకటి తెలుగు, ఒకటి మరాఠీ. ఏ తగువూ లేని సిరొంచలో మాత్రం ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎక్కువ మంది మరాఠీ బడికే వెళ్తారు. తగువు పడితే తప్ప తల్లి భాష దక్కదా?

మరాఠీ మీద నాకు కోపం లేదు. పాన్సరేది మరాఠీయే. ఇక్కడి పిల్లలకు ఉద్యోగాలు, కోర్టు, ఆఫీసు అన్నీ ఆ భాషలోనే కాబట్టి అది గట్టిగా నేర్చుకోవాల్సిందే. కానీ సరిహద్దు పల్లెలో ఒక బడి జెండా పండుగకు వెళ్లినప్పుడు చూశాను. ఉపన్యాసాలన్నీ అయ్యాక వెనక వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ మనవడిని అడిగింది, "ఏమన్నర్రా?" అని. ఆ పిల్లాడు సగం తెలుగులో, సగం మరాఠీలో చెప్పబోయి మధ్యలో ఆగిపోయాడు. రజాకార్ల పేరు చెప్తే ఊరు ఊరంతా జొన్న చేలల్లో దాక్కున్న రాత్రి ఆమెకు గుర్తుంది. వేదిక మీది వాళ్లకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు.

ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్, రాజురా, సిరొంచ బళ్లలో ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు, జీవో అక్కర్లేదు. ఆగస్టు 15కు వారం ముందు పిల్లలను ఇంటికి పంపి, నానమ్మనో తాతనో అడిగి రమ్మనండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, ఇంటి తెలుగులోనే రాయనివ్వండి. జెండా ఎగరేశాక అందులో రెండు కాగితాలు మైకులో చదివించండి. తెలుగును ఒక సబ్జెక్టుగానైనా పెట్టమని ఆ వేదిక మీది నుంచే అడగండి. ఆలస్యానికి టైం లేదు. 1948లో పదేళ్లున్న వాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది.