టైటాన్స్ ఇంటి పిల్లలు

ప్రొ కబడ్డీ లీగ్ ఎనిమిదో సీజన్‌లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. తొమ్మిదో సీజన్‌లో రెండు. పదో సీజన్‌లో మళ్ళీ రెండే. మొత్తం 66 మ్యాచ్‌లకు 5 గెలుపులు, మూడుసార్లూ పట్టికలో అట్టడుగు. 2021 చివర్లో మూడో తరగతి పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇది మన జట్టురా’ అన్న తండ్రి, వాడు ఐదో తరగతి పూర్తిచేసేసరికి చూపించగలిగిన సంతోషం ఐదు సాయంత్రాలు. అప్పటికే మూడు టైటిళ్ళు కొట్టిన పట్నా పైరేట్స్ అదే టీవీలో, అదే చానల్లో ఆడుతూనే ఉంది.

మరి పిల్లాడిని ఓడిపోయే జట్టుకు ఎందుకు కట్టేశావయ్యా అని అడిగితే చాలామంది దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ఓటమిని తట్టుకోవడం నేర్చుకుంటారు, ఓర్పు వస్తుంది అని. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకు చూసుకుంటూ పెరిగే మన పిల్లలకు ఓడిపోవడం ఎలా ఉంటుందో కబడ్డీ జట్టు వచ్చి చెప్పాలా? ఆ పాఠం వాళ్ళకు బడిలోనే కావలసినదానికంటే ఎక్కువ అందుతోంది.

ఓపిక పడితే ఫలితం దక్కుతుందనే వాదన ఇంకా బలహీనం. 2025లో, పద్దెనిమిదో సీజన్‌లో బెంగళూరు ఐపీఎల్ కప్పు కొట్టినప్పుడు మన అనంతపురం వైపు కూడా ఈ నీతి తెగ వినబడింది. ఆ రాత్రి ఫైనల్లో ఆరు పరుగుల తేడాతో ఓడిన పంజాబ్ కూడా సరిగ్గా అన్ని సీజన్లే ఎదురుచూసింది. ఆ జట్టుకు కట్టుబడిన పిల్లలకు ఏం చెబుతారు?

ఓడే జట్టు పిల్లలకు ఇచ్చేది ఓర్పు కాదు, ఆట. గెలిచే జట్టును చూసే పిల్లాడు స్కోరు చూస్తాడు, హీరోని చూస్తాడు, చాలంటాడు. ఓడే జట్టును చూసేవాడికి ‘ఎందుకు?’ అనే ప్రశ్న తప్పదు. టైటాన్స్ పదో సీజన్ ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకం లాంటిది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నారు. లీగ్‌లో అంత ధర అంతకుముందు ఎవరికీ పలకలేదు. పవన్ డబ్బుకు తగ్గట్టే ఆడాడు, కూతకెళ్ళే రైడర్లలో ముందువరసలోనే నిలిచాడు. జట్టు మాత్రం చివరి స్థానంలోనే నిలిచింది. కారణం కబడ్డీ లెక్కలోనే ఉంది. మ్యాట్ మీద ఏడుగురు. అవుటైన పవన్ బెంచీ మీద కూర్చుంటే, మిగిలినవాళ్ళలో ఎవరో ఒకరు కూతకెళ్ళి ఎదుటివాళ్ళను అవుట్ చేయాలి, లేదా ఎదుటి రైడర్‌ను పట్టాలి. అప్పుడే అతను లేచి వస్తాడు. ఎదుటి రైడర్‌ను పట్టాల్సిన కార్నర్లూ కవర్లూ కలిసి దూకని జట్టులో రెండున్నర కోట్ల మనిషి చాలాసేపు బెంచీ మీదే ఉంటాడు.

ఇది నేను ఒక పదేళ్ళవాడి నోట విన్నాను, ఇంత సాగదీయకుండా. మా అన్నయ్య కొడుకు. ఆ సీజన్‌లో ఒక మ్యాచ్, అయిపోవడానికి నాలుగైదు నిమిషాలుంది, టైటాన్స్ 12 పాయింట్లు వెనక. అన్నయ్య రిమోట్ అందుకున్నాడు. ‘‘ఆగు నాన్నా, ఇంకో ఐదు కొడితే మనకో పాయింట్ వస్తుంది’’ అన్నాడు వాడు. ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే పట్టికలో ఒక పాయింట్ ఇచ్చే రోజులవి. తర్వాత నావైపు తిరిగి, ‘‘బాబాయ్, చూడు, కాలు పట్టుకోడానికి ఒక్కడే దూకుతున్నాడు, పక్కోళ్ళు కదలట్లేదు’’ అన్నాడు. కామెంటేటర్ అప్పటికి పవన్ తెచ్చిన బోనస్ పాయింట్ గురించే మాట్లాడుతున్నాడు.

అన్నయ్య ఆ రోజు టీవీ కట్టేసి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. జట్టు ఎలా ఆడినా, అసలు సంగతి పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ మీద ఉంటుంది. నాలుగు బూతులు తిట్టి చానల్ మార్చే ఇంట్లో పిల్లలకు అబ్బేది ఆ తిట్లే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డినీ బృందం 1976లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఏడు విశ్వవిద్యాలయాల్లో సోమవారాలు విద్యార్థులు వేసుకొచ్చిన బట్టలు గమనించారు. వారాంతంలో తమ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే, వర్సిటీ పేరున్న చొక్కాలు ఎక్కువ కనబడ్డాయి. గెలుపును ఒంటికి తగిలించుకోవడం మనిషికి అంత సహజం. ఓడిన మర్నాడు కూడా టైటాన్స్ టీషర్ట్ వేసుకుని ట్యూషన్‌కు వెళ్ళే పిల్లాడు ఆ సహజానికి ఎదురు నడుస్తున్నాడు. అలాంటివాడిని ఇంట్లో మనమే ఎగతాళి చేయకపోతే చాలు.

ఆటగాళ్ళ సంగతి ఇంతకంటే చిక్కు. మొదటి ఆరు సీజన్లు జట్టును మోసిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. ఏడో సీజన్‌కి తమిళ్ తలైవాస్‌కు వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ. ‘ఇందులో మనూరివాళ్ళెవరు?’ అని పిల్లలు అడిగితే తల గోక్కోవాలి. సంక్రాంతికి ఊరూరా కబడ్డీ పోటీలు పెట్టుకునే రాష్ట్రాలివి. నన్నడిగితే, టైటాన్స్ ఓటములకంటే పిల్లలకు ఎక్కువ అన్యాయం చేసింది ఇదే. 2025 ఆగస్టు 29న విశాఖలో పన్నెండో సీజన్ తొలి మ్యాచ్‌కు పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళకు ఎదుటి జట్టు తమిళ్ తలైవాస్ కెప్టెన్‌గా కనిపించింది పవనే. తలైవాస్ 38–35తో గెలిచింది. ఆ రోజు ఏ పిల్లాడైనా పవన్ కోసం చప్పట్లు కొట్టి ఉంటే కొట్టనివ్వాలి. విధేయతకు పరీక్ష పెట్టడానికి ఇది పార్టీ జెండా కాదు. మనిషి వెంట వెళ్ళాలనుకునే పిల్లలు వెళ్తారు, కొందరు తిరిగొస్తారు.

ఆ సీజన్‌లోనే టైటాన్స్ 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ చేరింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు ముందు, క్వాలిఫయర్ 2లో పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. బాగానే ఉంది. కానీ అదే సీజన్ నుంచి లీగ్ పాయింట్ల పద్ధతి మార్చింది: గెలిస్తే రెండు, ఓడితే సున్నా. మూడు పాయింట్లతో ఓడినా ముప్ఫైతో ఓడినా పట్టికలో ఒకటే. పట్టిక చదవడం తేలికైంది, నిజమే. ఓడుతున్న మ్యాచ్‌లో చివరి నాలుగు నిమిషాలు ఎందుకు చూడాలో పిల్లలకు చెప్పడానికి పెద్దలకున్న ఒకే ఒక్క లెక్కను మాత్రం తీసేశారు. మా వాడికి ఆ మార్పు అస్సలు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.