మిరపకాయ ప్రోటీనూ ఓ లెక్కేనా?
మీ వ్యాసంలో గీత (గ్రాఫ్) వేసి చూపించి, తలసరి ప్రోటీన్ సరఫరాలో ఎండుమిర్చి వాటా పెరుగుతోంది కాబట్టి జనం తిండి మెరుగుపడుతోందని రాశారు, ఆ రెండో ముక్కే నాకు మింగుడు పడలేదు. మీరు వాడిన ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ల లెక్కలో పండిన పంటకి దిగుమతి కలిపి, ఎగుమతి, విత్తనం, వృథా లాంటివి తీసేసి మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు, అంటే అది దేశంలో అందుబాటులో ఉన్న సరుకే గానీ ఎవరి కంచంలో ఎంత పడిందన్నది కాదు. గుంటూరు వైపు కాపు బాగుంటే గీత పైకి లేస్తుంది, ఎగుమతులు ఊపందుకుంటే దిగుతుంది. 100 గ్రాముల ఎండుమిర్చిలో 10-12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, నిజమే, కానీ రోజుకి 5 గ్రాముల కారం తిన్నా వచ్చేది అర గ్రామే కదా! అదే ఉలవలైతే 100 గ్రాములకి 20 దాటుతుంది. మా బొబ్బిలి వైపు ఇళ్లల్లో ఉలవలు ఉడికించిన నీళ్లు చారుకి, గింజలు గుగ్గిళ్లకి. ఆ తాలింపులో వేసిన ఎండుమిరపకాయల్ని మా పిల్లలు ఏరి పక్కన పెట్టేస్తారు, మీ లెక్కలో మాత్రం అవీ తిన్నట్టే. మిర్చి గీత పక్కనే పప్పుల గీత కూడా వేసి చూపించాల్సింది.