పేర్లెందుకు, నంబర్లుండగా!

వెబ్‌సైట్లు నడిపే పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ప్రోగ్రాముల్లో డేటాను పేరు పెట్టి పిలిచే దురలవాటును నిర్మూలించడానికి ఎందరో మహానుభావులు అహోరాత్రాలు శ్రమిస్తున్నా, వారికి తగిన సత్కారం ఇంతవరకు జరగకపోవడం విచారకరం. శాఖల కింద ఉద్యోగులను, ఉద్యోగుల కింద 'పేరు', 'ఊరు', 'ఫోన్', 'సెలవులు' అనే కీలను, అంటే విలువలను గుర్తుపట్టే పేర్లను, పెట్టి నెస్టెడ్ అర్రే (పట్టికలో పట్టిక) కడితే, దారిన పోయేవాడికి సైతం అందులో ఏముందో తెలిసిపోతుంది. అదే కీలను 0, 1, 2, 3గా మార్చితే, 2 అంటే ఫోనని చెప్పగలిగిన ఒకే ఒక్క ప్రోగ్రామరుకు జీవితాంతం ఉద్యోగ భద్రత లభిస్తుంది.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ లోకానికి అందించిన ఈ భాష వరుస జాబితాకూ, పేర్ల పట్టికకూ ఒకే అర్రేతో సరిపెట్టి తన సమదృష్టిని చాటుకుంది. అందులో "7" అనే స్ట్రింగును (అక్షరాల వరుసను) కీగా ఇస్తే అది చెప్పాపెట్టకుండా పూర్ణాంకమైపోతుంది. "07" మాత్రం ముందున్న సున్నా అండతో స్ట్రింగుగానే నిలబడుతుంది.

కీలను తుడిచేయడానికి పీహెచ్‌పీలోనే ఉన్న అర్రే_వాల్యూస్ ఫంక్షను ఒక్కటి చాలునని కొత్తవారు భ్రమపడతారు. అది వీధి గుమ్మం మీది పేరును చెరిపి నంబరు వేస్తుందే తప్ప లోపలి గదుల్లోకి అడుగుపెట్టదు. శాఖల పేర్లు పోతాయి, 'ఫోన్' అలాగే ఉంటుంది. అర్రే_వాక్_రికర్సివ్ అట్టడుగు విలువల దాకా వెళ్తుంది కానీ కీల జోలికి పోదు. కాబట్టి ఎదురైన ప్రతి విలువనూ నువ్వు అర్రేవా అని అడిగి, అవునంటే తనను తానే మళ్ళీ పిలుచుకుని, వచ్చిన ఫలితానికి అర్రే_వాల్యూస్ వర్తింపజేసే ఫంక్షనును సొంతంగా రాసుకోక తప్పదు. రాస్తే నాలుగు వరుసలే.

ఈ సంస్కరణకు పరిశుభ్రత కూడా తోడైతే ఫలితం అద్భుతం. ఖాళీలను ఏరేయమని అర్రే_ఫిల్టర్‌కు అప్పగిస్తే, అది ఖాళీ స్ట్రింగులతోపాటు 0నూ బయటికి గెంటుతుంది. సెలవులన్నీ వాడేసుకున్న ఉద్యోగికి అసలు సెలవుల గడే ఉండదు. పైగా అది పాత కీలను మార్చదు గనుక, ఫోన్ ఖాళీగా ఉన్న ఉద్యోగికి 0, 1, 3 అని మధ్యలో చిల్లు పడుతుంది. అది చూసిన జేసన్_ఎన్‌కోడ్ (డేటాను బ్రౌజరుకు పంపే రూపంలోకి మార్చే ఫంక్షను) ఇది జాబితా కాదని తేల్చి పేర్ల పట్టికలాంటి ఆబ్జెక్టును పంపితే, బ్రౌజరులో జావాస్క్రిప్టు జాబితాలకు ఉండే మ్యాప్ అనే ఫంక్షను తనకు దొరకలేదని గగ్గోలు పెడుతుంది. జాబితా అవునో కాదో తేల్చుకోవడానికి 2021లో పీహెచ్‌పీ 8.1 అర్రే_ఈజ్_లిస్ట్‌ను ప్రసాదించింది, కానీ ముందే అడిగి చూసుకోవడం మన సంప్రదాయం కాదు. చిల్లు పూడ్చడానికి మళ్ళీ అర్రే_వాల్యూస్ నడుపుతాం; ఫోన్ లేని ఉద్యోగి సెలవుల సంఖ్య 2 అనే ఇండెక్సులోకి, అంటే ఫోన్ ఉండాల్సిన చోటికి, జరుగుతుంది; ఆఫీసువారు శ్రద్ధగా 12 అనే నంబరుకు ఫోన్ చేస్తారు.

అప్పుడు పేర్లు తిరిగి కావాలని పైనుంచి ఉత్తర్వు వస్తుంది. కీలనూ విలువలనూ జతచేసే అర్రే_కంబైన్‌కు నాలుగు కీలు, మిగిలిన మూడు విలువలు ఇస్తే పీహెచ్‌పీ 8 వాల్యూఎర్రర్ అనే లోపాన్ని విసిరి పని ఆపేస్తుంది. 7లో అయితే ఒక హెచ్చరిక జారీచేసి, చేతిలో ఫాల్స్ ('కాదు' అనే విలువ) పెట్టి, మిగతా పని మర్యాదగా సాగనిచ్చేది.